జెట్‌స్కీ నీళ్ళలోనే ఆగుతోంది

నవంబరు 4, సోమవారం

మబ్బు. ఉక్క. పొద్దున్నే షెడ్డు ఊడ్చి, మా ఊరి రైతు పానకాలు పవర్ స్ప్రేయర్‌కి కార్బరేటర్ కడిగిచ్చాను.

మా అక్క కొడుకు ఉదయ్ కుమార్ ట్రాక్టర్ ట్రాలీ మీద జెట్‌స్కీ వేసుకుని వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌ది. రామాపురం బీచ్‌లో ఒక రిసార్ట్ ముందు జనాన్ని ఎక్కించుకుని తిప్పుతుంటాడు. నిన్న ఒక తండ్రినీ కూతుర్నీ ఎక్కించుకుని అలలు దాటాక ఆగిపోయిందట. పీ పీ అని మోగి, స్పీడ్ పడిపోయి, ఆఫ్. చేపల పడవవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. ఒడ్డుకొచ్చాక కూడా ఆ పిల్ల ఏడుపు ఆపలేదట. ఇంకోసారి ఇలా అయితే నీ చోటు బాపట్ల జెట్‌స్కీ అతనికి ఇచ్చేస్తానని రిసార్ట్ మేనేజర్ చెప్పాడు. కార్తీక పౌర్ణమి పదిహేనున. బీచ్ నిండేది ఆ రోజే.

నేను వేటపాలెంలో ఆయిల్ ఇంజిన్లు, స్ప్రేయర్లు, పడవ ఇంజిన్లు చేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి నేర్చుకున్నాను. జెట్‌స్కీని మాత్రం ఇంతవరకు విప్పలేదు. ఆ మాట వాడితో అనలేదు.

నవంబరు 5, మంగళవారం

ప్లగ్గులు మార్చాను. పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోశాను. హోస్ పైపు తగిలించి స్టార్ట్ చేశాను. ముందు ఇంజిన్, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి, తర్వాత ఇంజిన్. తారుమారైతే ఇంజిన్‌లోకి నీళ్ళు ఎక్కుతాయి. యూట్యూబ్‌లో చూశాను. ఒక్క తుమ్ము కూడా లేకుండా నడిచింది.

సాయంత్రం అక్క వచ్చింది. మా అక్క కోటిరత్నం మాట వీధి చివరికి వినిపిస్తుంది. ఊళ్ళో కళ్ళన్నీ నా కొడుకు బండి మీదేనంది. బండి ముక్కు కింద కొక్కేనికి నిమ్మకాయ, ఎండుమిరపకాయల దండ కట్టింది. కొన్నప్పటినుంచీ మంగళవారం, శనివారం కడుతోంది. పచ్చిమిరపకాయలు కుళ్ళిపోతాయని పర్చూరు చేలో పండిన ఎండుకాయలే గుచ్చుతుంది. కట్టి, బండికి దణ్ణం పెట్టి, నాకు చేపల పులుసు గిన్నె ఇచ్చి వెళ్ళింది.

నవంబరు 7, గురువారం

బీచ్‌కి తీసుకెళ్తే మళ్ళీ ఆగింది. ఈసారి ఒడ్డుకి దగ్గరలోనే. ఖాళీ బండి కాబట్టి మేనేజర్ దాకా పోలేదు. ఏం చేశావు మావయ్యా అని ఉదయ్ ఫోన్‌లో అరిచాడు. ఫోన్ పెట్టేశాను.

నవంబరు 8, శుక్రవారం

బ్యాటరీ, ఫ్యూజులు, వైరింగ్, టెంపరేచర్ సెన్సర్. అన్నీ చూశాను. హోస్ పెట్టాను. నడిచింది. ఇంకాసేపు నడిపాను. వేడెక్కలేదు. షెడ్డులో దీనికి ఏ రోగమూ లేదు. సముద్రం చూస్తే చాలు చస్తోంది. దీన్ని కాలితో తన్నాను. బొటనవేలు వాచింది.

నవంబరు 9, శనివారం

అక్క వచ్చి ఈసారి మూడు దండలు కట్టింది. దిష్టి గట్టిదంది.

నవంబరు 10, ఆదివారం

అలలు కూడా దాటలేదు. బండి మీద కొత్తగా పెళ్ళయిన జంట. మేనేజర్ అందరి ముందూ తిట్టాడట. ఉదయ్ బతిమాలుకుంటే పౌర్ణమి వరకు చూస్తానన్నాడట. బండిని తెచ్చి షెడ్డులో దింపి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

నవంబరు 11, సోమవారం

ఏమీ తోచలేదు. అన్నం సహించలేదు.

నవంబరు 12, మంగళవారం

పొద్దున పానకాలు వచ్చి, హోస్ పెట్టి నడుపుతుంటే కాసేపు చూశాడు. ఏరా వీరాంజనేయులూ, నీళ్ళలో నడిచేదాన్ని నేలమీద నడిపి మురిసిపోతున్నావేరా అన్నాడు. ఎడ్లకి కొట్టంలో ఈత నేర్పేలా ఉన్నావు అని కూడా అన్నాడు. కోపం వచ్చింది. వాడు పోయాక ఆ కోపంలోనే బుర్ర పనిచేసింది.

ఇక్కడ ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళు కుళాయివి. సముద్రంలో కుళాయి లేదు. కింద నోటితో అదే పీల్చుకోవాలి. ఆ నోటినే నేను ఇన్ని రోజులూ చూడలేదు.

బండిని పాత టైర్ల మీదకి పక్కకి వొరిగించి, వెనక పంపు విప్పాను. షాఫ్ట్ చుట్టూ నూలుదారం, ముడి పడిపోయి. బ్లేడ్ల వెనక, ఇంజిన్‌కి నీళ్ళు వెళ్ళే చిన్న జల్లెడ. దాని నిండా మిరప గింజలు, తొక్కలు. ముక్కు కింద కట్టినది అలకి తెగి, పొట్ట కిందుగా పోయి, నోట్లోకి వెళ్తోంది. బండి ఆగిన ప్రతిసారీ అక్క ఇంకా ఎక్కువ కడుతోంది. ఎక్కువ కట్టిన ప్రతిసారీ ఇంకా తొందరగా ఆగుతోంది.

ఇదంతా అక్కకి ఎలా చెప్పాలా అని మధ్యాహ్నమంతా ఆలోచించాను. నాకు మాటలు రావు. సాయంత్రం దండలు పట్టుకుని రానే వచ్చింది. అరచేతిలో గింజలు చూపించాను. మన పర్చూరు కాయేగా అంది. ఎక్కడివో చెప్పాను. ఏరా, అయితే నా కొడుకుని నడిసముద్రంలో ఆపింది నేనేనంటావా అంది. అవునన్నాను.

ఇంకోలా చెప్పాల్సింది. దండలు చెంగులో మూట కట్టుకుని వెళ్ళిపోయింది. కాఫీ తాగలేదు.

నవంబరు 13, బుధవారం

బండిని సముద్రంలో కలిసే స్ట్రెయిట్‌కట్ కాలువలో దించి ఉదయ్ చాలాసేపు తిప్పాడు. ఒక్క పీ కూడా లేదు. నాకు సంతోషం కలగలేదు.

నవంబరు 14, గురువారం

అక్క ఇంట్లో కూడా మాట్లాడటం లేదట. అడిగినదానికి తల ఊపుతోందట. మొన్న గింజలు చూసి పడీ పడీ నవ్విన ఉదయ్ ఇవాళ వచ్చి, ఏమీ కట్టకుండా రేపు ఎలా వెళ్ళను మావయ్యా అన్నాడు. ట్రాక్టర్‌కి కట్టుకో అన్నాను. అది కాదు, అమ్మ కట్టకుండా అన్నాడు.

నవంబరు 15, శుక్రవారం. పౌర్ణమి

చలిగాలి. తెల్లారేసరికి బీచ్‌లో ఉన్నాను. జనం అప్పటికే స్నానాలు చేస్తున్నారు. అక్క వచ్చింది. చేతిలో దండ లేదు. మొదటి సవారీ నాదే అంది. చీర మీద లైఫ్ జాకెట్ వేసుకుని వాడి వెనక కూర్చుంది. మేనేజర్ వద్దనబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

అలలు దాటారు. ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది.

నడుం లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాను. నాకు ఈత రాదు. అప్పుడు అక్కడ చిన్న వెలుగు కనిపించింది. జాకెట్ లోపల అరటి దొప్ప, వత్తి దాచుకుని వెళ్ళి, దీపం వదలడానికి అక్కే బండి ఆపించిందట. ఒడ్డున వదిలితే ప్రతి ఏడూ అల తిరగేసేస్తోందట. పెట్రోల్ బండి మీద అగ్గిపుల్ల! కానీ అరిచే గొంతు నాకెక్కడిది.

ఉదయ్ వెంటనే స్టార్ట్ చెయ్యబోతే అక్కే వాడి చెయ్యి పట్టుకుందట. ఆగరా, దొప్ప దూరం పోనీ, దీనికి కింద నోరుంది అందట.

ఆ దీపం దూరం పోయేదాకా ఆగారు. తర్వాత ఒక్క నొక్కుకే స్టార్టయింది.

ఇంటికొచ్చి తడి పంచె ఆరేసి, పానకాలు స్ప్రేయర్‌కి మళ్ళీ కార్బరేటర్ కడిగాను.