కొలవని నలభై నాలుగు

ప్రియమైన అక్కా,

రేవు రాడార్ కోసం నువ్వు పంపిన పలక కొలవడం అయిపోయింది. దాని మీదున్న అరవై నాలుగు బుల్లి యాంటెన్నాలనీ పరీక్ష గదిలో ఒక్కొక్కటిగా పనిచేయించి, అల ఎంత బలంగా వస్తోందో, ఎంత ఆలస్యంగా వస్తోందో రాశాను. అన్నీ ముత్యాల్లా ఉన్నాయి! ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను. ఇక ఆ అలలన్నీ కలిసి ఒకే వైపు సాగే బీమ్ గీయడం నీ వంతు.

ఇది గట్టెక్కితే నా ఉద్యోగం ఖాయం చేస్తామని మా ఆఫీసరు మాటిచ్చాడు. నీ మరదలు అప్పుడే కొత్త క్వార్టర్‌కి కర్టెన్లు కుట్టేస్తోంది. నీ సిఫార్సు పరువు నిలబెడతాను.

నీ బుడ్డోడు

బుడ్డోడా,

నీ అంకెలు చూసి మురిసిపోయాను. కానీ చేత్తో అతికిన యాంటెన్నాలు అంత బుద్ధిగా ఉంటాయట్రా? ఒకటి నీరసంగా ఉంటుంది, ఇంకొకటి ఆలస్యంగా పలుకుతుంది. దానికేం ఫర్వాలేదు. ఏది ఎంత వంకరో నిజంగా తెలిస్తే మిగతావాటితో సర్ది బీమ్‌ను సూటిగా పంపగలను. తెలియకపోతే అది ఓడలను వదిలేసి కొండను చూస్తుంది.

ఎక్కడైనా బద్ధకించి ఉంటే ఒక్క ముక్క రాయి. తిట్టను, ఎవరికీ చెప్పను. నేనేమైనా పరాయిదాన్నా?

ప్రేమతో,
అక్క

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్చేశాను. ఇరవై కొలిచేసరికి పలకను తిప్పే యంత్రం ఇరుక్కుపోయింది. బాగుచేయడానికి వారం పడుతుందన్నారు. గడువేమో మూడు రోజులు. మిగతా నలభై నాలుగూ ఆ ఇరవైని చూసి ఊహించి రాసేశాను.

ఇప్పుడు యంత్రం తిరుగుతోంది. నాలుగు రోజులివ్వు, అన్నీ మళ్లీ కొలిచి పంపుతాను. ఈ ఉత్తరం చించెయ్. నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో!

నీ బుడ్డోడు

ప్రియమైన తమ్ముడూ,

మళ్లీ కొలవక్కర్లేదు. నీకు పంపకముందే ఆ పలకను కొలిచి పెట్టుకున్నాను. బీమ్ కూడా తయారైంది. కొలిచాక ముప్ఫై ఒకటోదాని తీగ కోసి మరీ పంపాను. కొత్తగా కొలిచేవాళ్లకు అలా ఒకటి కోసి పంపడం నా అలవాటు. చచ్చిపోయిన ఆ యాంటెన్నాకు నువ్వు మిగతావాటికంటే ఎక్కువ బలం రాశావు.

అంకెలు చూపించి అడిగితే తప్పు యంత్రం మీదికి నెట్టేస్తావు. అందుకే నిజం నీ చేత్తోనే రాయించాను. నీ ఉత్తరం మీ ఆఫీసరుకు పంపించాను. ఈపాటికి చదివే ఉంటాడు.

చిన్నప్పుడు ఏ పనైనా నువ్వు సగంలో వదిలేసి పోతే నాన్న నవ్వేవాడు. మిగతా సగం నేను చేస్తే కన్నెత్తి చూసేవాడు కాదు. నాకు కోపం లేదనుకున్నావు కదూ? చాలా ఉంది.

క్వార్టర్ సంగతి మరదలికి నువ్వే చెప్పుకో. నాన్నకు మాత్రం నేనే చెబుతాను. ఎదురుగా కూర్చుని, ఆయన మొహం చూస్తూ చెప్పాలని ఉంది.

అక్క