తూకానికెక్కిన ఇల్లు

అమ్మడూ ఎనోరా,

నీకు నాన్న ముద్దులు, దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. అక్కడ నువ్వూ, నీ బడిపిల్లలూ, మీ దీవిలో ఆ నిప్పులు కక్కే కొండా అందరూ శాంతంగా ఉన్నారని తలుస్తాను.

అసలీ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనుకున్నాను. ఆదివారం ఫోనులో మీ అమ్మ నీకు ఊరి సంగతులన్నీ చెప్పేస్తుంది. ఫోను నా చేతికొచ్చేసరికి మిగిలేది వాన సంగతే. మన బ్రిటనీలో వాన కూడా ఒక వార్తేనా? కానీ ఒక్క సంగతి మాత్రం నేనే, నా చేతి రాతతోనే చెప్పాలని మీ అమ్మ షరతు పెట్టింది. అది ముందే చెబితే నువ్వు మిగతాది చదవవు గనక చివరికి ఉంచుతున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు మెట్లెక్కేటప్పుడు మూలుగుతుంది, పెళ్ళిళ్ళలో నాట్యమాడేటప్పుడు మూలగదు. కోళ్ళను పక్కింటి మారీవోన్ చూసుకుంటానంది. "గుడ్లు నాకు, పెంట నీకు, తిరిగొచ్చాక ఎత్తిపోసుకో" అని ఒప్పందం. కళ్ళు చూపించుకున్నావా నాన్నా అనడిగావు. వస్తున్నాను, దానికే వస్తున్నాను.

మన ఇల్లు-బండి పెరట్లో పియరు చెట్టు కింద తెల్లగా నిలబడి ఉంది. పాతదే, కానీ లోపల మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్నాయి. స్నానాల గదిలోకి నేను పక్కవాటుగా దూరాలి, అంతే. చలికాలమంతా వంటింటి బల్ల మీద పటం పరిచి దారి గీశాను. సముద్రం వెంట దిగి, లువార్ నది దాటి, ద్రాక్షతోటల మీదుగా దక్షిణపు తీరం దాకా. సంతలు ఏ ఊళ్ళో ఏ రోజో చూసుకుని మరీ గీశాను. కొండల జోలికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో మీ అమ్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ పొయ్యి మీద సూప్ పొంగుతోందన్నాను.

ఈ ప్రయాణం అమ్మకు ఎంతో నీకు తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి, సాయంత్రం పాల వేళకు కొట్టం చేరలేనంత దూరం ఆమె ఏనాడూ వెళ్ళలేదు. నేను ఇళ్ళకు పలకల కప్పులు వేస్తూ పైనుంచి నాలుగు ఊళ్ళయినా చూశాను. ఆమె చూసింది ఆవుల తోకలే. చివరి ఆవును అమ్మిన రోజు చేతులు కడుక్కుంటూ, "ఇక దేశం చూపించవయ్యా" అంది. ఆ మాట నా మెడకు గంటలా కట్టి ఉంది.

ఇక సామాను. మా పెదనాన్న పటాలంలో చేరి దక్షిణాన తూలోన్ రేవు దాకా వెళ్ళొచ్చి, "అక్కడ వెన్నలో ఉప్పు వెయ్యరు" అని చెప్పాడు. సముద్రం ఎలా ఉంది, ఓడలు ఎలా ఉన్నాయి అని ఎంత అడిగినా ఆయన నోట ఆ వెన్న మాటే. అప్పట్నుంచీ మన వంశంలో దక్షిణాది అంటే ఉప్పులేని చోటు. అందుకని మీ అమ్మ జాడీల కొద్దీ ఉప్పు వెన్న, నల్లగోధుమ పిండి మూటలు, అట్లు పోసే బండెడు బరువు ఇనప పెనం ఎక్కించింది. ఆపిల్ పళ్ళ సారా, అదే మన సైడరు, ఆ సీసాలు నేనెక్కించాను. దేశం చూడ్డానికి వెళుతున్నామో, మన ఊరినే మోసుకెళుతున్నామో అర్థం కాలేదు.

మూడున్నర టన్నులు దాటితే మా మామూలు లైసెన్సులు చెల్లవు. దారిలో పోలీసులు తూస్తారట. అందుకని మంగళవారం బండిని ధాన్యం లారీల కాటా దగ్గరకు తీసుకెళ్ళాం. నేను నడుపుతున్నాను, అమ్మ నా కుడిపక్కన కూర్చుంది. కాటా ముందు రెండు ఇనప స్తంభాలున్నాయి. ఎడమది నేను చూశాను.

ఫెళ్ళుమంది. అమ్మ వైపు అద్దం ఊడి రోడ్డు మీద పడింది.

"ఏమయ్యా, ఆ స్తంభం నేను పుట్టినప్పట్నుంచి అక్కడే ఉంది!"

బండి కాటా మీదికెక్కింది. కాటా దగ్గరుండే లోయిక్ అంకె చూసి పగలబడి నవ్వాడు.

"సోయిజిక్ పిన్నీ, సరిగ్గా ఒక మనిషంత బరువు ఎక్కువుంది! పెనమన్నా దించు, బాబాయినన్నా దించు."

"పెనం అట్లు పోస్తుందిరా. ఈయనేం చేస్తాడు?"

"బండి నడుపుతాడుగా!"

అప్పుడు చెప్పేశాను. ఫిబ్రవరిలోనే కళ్ళ డాక్టరు చెప్పిందని, కుడికంటి నడిమధ్యన మచ్చ వచ్చిందని, అది పోదని, ఇక బండి నడపొద్దందని. చెబితే ప్రయాణం ఆగిపోతుందని, తిన్నటి రోడ్లయితే ఒంటికంటితో నెట్టుకురావచ్చని, అందుకే కొండలు వదిలేశానని. ఇదే అమ్మడూ, నాతో రాయించిన సంగతి. లోయిక్ నవ్వడం మానేశాడు.

మీ అమ్మ దిగింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నన్ను ఆ పక్కన కూర్చోబెట్టుకుని కనపడని కంటితో దేశమంతా తిప్పుదామనుకున్నావా?"

"నీకు మాటిచ్చాను కదే."

"చూపిస్తానని మాటిచ్చావు. నడుపుతానని ఎవడడిగాడు నిన్ను? నలభై ఏళ్ళు ట్రాక్టరుకు ఎరువు బండి తగిలించి ఆ దొడ్డిగేట్లోంచి వెనక్కి తోసింది ఎవరు, మీ పెదనాన్నా? దిగు."

దిగాను. ఆమె ఎక్కింది. అద్దం లేని బండిని కాటా మీంచి ఒక్క ఊపులో వెనక్కి తీసి, స్తంభాల మధ్యగా, ఏ పక్కా తగలకుండా బయట పెట్టింది. లోయిక్ టోపీ తీశాడు. పెనం బండిలోనే ఉండిపోయింది, వెన్నా ఉండిపోయింది. సైడరు మొత్తం, పిండి మూటలు సగం లోయిక్ కొట్లో దిగాయి. నన్ను మాత్రం ఉంచుకున్నారు. పటం చదవడం, ఎదురొచ్చే ఇల్లు-బండ్లవాళ్ళకు చెయ్యి ఊపడం నా ఉద్యోగం.

దారి కూడా మారింది. ఆల్ప్స్ కొండలెక్కి, వేసవి మేతకు పైకి తోలిన ఆవులను చూడాలట. "బతుకంతా చూసింది చాల్లేదా?" అన్నాను.

"అవి నావి కాదుగా. చూసి వచ్చేస్తాను. పితకక్కర్లేదు."

అందుచేత దిగులు పెట్టుకోకు. డాక్టరు ఎడమ కంటికి ఢోకా లేదంది. కొండలు కనపడడానికి ఒకటి చాలు, అవి అంత పెద్దవి కదా. నిజం చెప్పనా, మంగళవారం నుంచి నాకు ఒళ్ళు తేలికగా ఉంది. నిద్ర బాగా పడుతోంది.

నేనిది రాస్తుండగా మీ అమ్మ బయటికెళ్ళి, డ్రైవరు సీటును తన పొట్టి కాళ్ళకు సరిపోయేలా ముందుకు జరుపుకుని వచ్చింది. ఇప్పుడు ఉల్లిపాయలు తరుగుతోంది.

ఇట్లు,
పక్క సీటులో కూర్చోబోయే మీ నాన్న,
ఫాంచ్