అప్పడాల కర్రతో చుట్టిన బాయిలర్

12 జూన్ 1983, పాకాల

ఓడ ఉద్యోగం నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముడు ధనంజయ పొద్దున ఒక అట్టపెట్టె తెచ్చాడు. ఇంగ్లండులో ఏదో రేవులో కొన్నాడట. లోపల పల్చటి ఇత్తడి రేకులు. వాటిలోనే ఇంజిన్ భాగాలన్నీ గీతలు గీసి ఉన్నాయి. కత్తిరించి, వంచి, సోల్డరింగ్ చేసుకుంటే అరచేతిలో పట్టే రైలింజిన్ అవుతుంది, సన్న పట్టాల మీద నడిచే నేరో గేజ్ రకం. బావకు కాలక్షేపం అన్నాడు.

మా ఆయన మూత కూడా తీయలేదు. అటక వైపు చెయ్యి చూపించాడు.

13 జూన్

వాడికేం తెలుసు? డ్రైవరుకు ఇంజిన్ బొమ్మ ఇస్తే సంతోషిస్తాడనుకున్నాడు. మార్చిలో చంద్రగిరి దాటాక ఈయన నడిపే బండి కింద కుప్పమ్మ అనే ముసలామె పడి చనిపోయింది. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటుతోందట. ఎంక్వయిరీలో ఈయన తప్పు లేదన్నారు. అయినా అప్పటినుంచి సిక్ లీవే. స్టేషన్ వైపు వీపు పెట్టి వరండాలో కూర్చుంటాడు. నేను అడిగితే ఊఁ, ఉఁహూఁ. అంతే.

19 జూన్

పెట్టె దించాను. బడిలో నేను చెప్పేది ఇంగ్లిషే కదా, పెట్టెలో ఉన్న ఇంగ్లిషు సూచనల కాగితం చదువుకుని నేనే చేద్దామనుకున్నాను. రేడియో షాపు గంగాధరాన్ని అడిగి సోల్డరింగ్ ఐరన్ తెచ్చాను. డ్రైవరు నిలబడే క్యాబ్ గోడ ఒకటి అతికించాను. వంకర. వేలు కాలింది.

20 జూన్

రెండో గోడ తలకిందులుగా అతుక్కుంది. ఆయన చూస్తూనే ఉన్నాడు.

25 జూన్

బాయిలర్ రేకును గుండ్రంగా చుట్టాలి. అప్పడాల కర్ర తెచ్చి నొక్కుతుంటే ఒక మూల మడత పడింది. ఆయన లేచి వచ్చి నా చేతిలోంచి కర్ర తీసుకున్నాడు.

"అట్ల కాదు మే. నిదానంగా దొర్లించాల."

ఇన్ని నెలల్లో ఆయన తనంతట తాను నాతో అన్న మొదటి మాట. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. పొయ్యి మీద పప్పు మాడింది. మాడిన పప్పే తిన్నాం.

5 జూలై

బడి నుంచి వచ్చేసరికి టేబుల్ సర్దుకుని నా కోసం కాచుకుని ఉంటున్నాడు. నేను చదవాలి, ఆయన చేయాలి. నా అతుకులన్నీ ఊడదీసి మళ్లీ వేశాడు. బాయిలర్ మీద డోము, పొగగొట్టం నిలబడ్డాయి. ఆ దేశపు కొండల్లో పలకరాయి గనుల దగ్గర తిరిగే బండి అట ఇది. మా మీటర్ గేజ్ ఇంజిన్ పక్కన మేకపిల్లలా ఉంటుందన్నాడు. నవ్వాడు కూడా.

ఇంత ముద్దు ఎందుకొచ్చింది దీని మీద అని అడిగాను.

"ఇది ఎవుర్నీ సంపదు," అన్నాడు.

నేను కాగితంలో తర్వాతి వరుస చదివాను.

13 జూలై, సాయంత్రం

ఇక మిగిలింది విజిల్. జీలకర్ర గింజంత ఉంది. పట్టకారుతో పట్టుకున్నాడు గానీ ఎంతసేపటికీ అతికించడే. చివరికి కింద పెట్టేశాడు.

"ఆ పొద్దు నేను కూత పెట్టినానా లేదా అని నాకే అనుమానంగా ఉండాది మే. ఇంజిన్లో నా పక్కనుండిన ఫైర్‌మన్ మునిరామయ్య పెట్టినావనే అంటాడు. నన్ను ఓదార్చేదానికి అంటా ఉండాడేమో."

ఇదా ఇంతకాలం మోస్తున్నది. కుప్పమ్మ ఇంటికే వెళ్లి అడుగుదాం అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలియదు. ఆయన కాదనలేదు.

17 జూలై

బస్సులో వెళ్లాం. కుప్పమ్మ కూతురు అలివేలమ్మ వాకిట్లో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు వలుస్తోంది. ఈయన గడప బయటే నిలబడి తానెవరో చెప్పాడు. తిడుతుంది, పడదాం అనుకున్నాను. కూర్చోమంది.

ఆ రోజు బండి కూత వినపడిందా అని ఆయన ఒక్కటే అడిగాడు.

"ఊరంతా ఇన్నాం సామీ. కుక్కలు గూడా మొరిగినాయి. మాయమ్మకే ఇనపడదు. శానా యేండ్లుగా."

అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఈయన ఆమె ఎదురుగా కూర్చుని గంపలోంచి కాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టాడు. నేనూ కూర్చున్నాను. గంప ఖాళీ అయ్యేదాకా ముగ్గురం వలిచాం. వచ్చేటప్పుడు ఆమె మజ్జిగ ఇచ్చింది. అప్పుడప్పుడూ వస్తా ఉండమంది.

బస్సులో నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. అందరూ చూస్తున్నారు. చూడనీ.

18 జూలై

విజిల్ అతికించాడు. ఇంజిన్ పూర్తయింది. కదలదు, మోటార్ విడిగా కొనాలట. మాకు అక్కర్లేదు.

26 జూలై

డాక్టర్ దగ్గరకు తనే వెళ్లి ఫిట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. నాకు ముందు చెప్పలేదు.

1 ఆగస్టు, పొద్దున

డ్యూటీకి వెళ్లాడు. అన్నం క్యారియర్ మూత వంకరగా పెట్టాను. ఆయనే బిగించుకున్నాడు.