నన్నడగని డాక్టర్

అక్కా,

నువ్వు నన్ను ఏళ్ల తరబడి తీసుకెళ్లిన మనసు డాక్టర్ గారు రిటైరయ్యారు. మొన్న మా ఆయన నన్ను నల్లగొండలోనే ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. గోడ నిండా ఆయన సర్టిఫికెట్లే. ఆ మహానుభావుడు నా మొహం చూడకుండానే, "ఈమె నిద్రపోతదా? లొల్లి చేస్తదా?" అని మా ఆయన్ని అడిగాడు.

"నన్నడుగుండ్రి సారూ. నాకు నోరున్నది," అన్నాను.

"చూసిండ్రా, గిట్లనే ఎదురు మాట్లాడుతరు. డోసు పెంచుదాం," అన్నాడు, మళ్లీ మా ఆయనతోనే.

పశువుల డాక్టరైనా ముందు గొడ్డు మొహం చూస్తాడు. మందుల చీటీ ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.

ఇవాళ సర్కారు దవాఖానకు వెళ్లాం. మా ఆయన నోరు తెరవగానే అక్కడి డాక్టరమ్మ, "మీరు జర బయట కూసోండి," అంది. తర్వాత నావైపు తిరిగి, "మనసులో మాట ఎవరికి చెప్పుకుంటవమ్మా?" అని అడిగింది.

నీ పేరు చెప్పాను. నువ్వు పోయావని మాత్రం చెప్పలేదు.