తొమ్మిదో క్లాజు

అమ్మాయీ,

నీకూ పాపకూ మామయ్య దీవెనలు. మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులు తప్పిస్తే ఇక్కడ మేం కులాసాగానే ఉన్నాం. మీ అమ్మగారి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని రాశావు, మనసు కుదుటపడింది. పాప కొత్త బడిలో ఏడుపు మానిందో లేదో మాత్రం రాయలేదు.

లిఫ్టుల బిల్లు ఏమైందని అడిగావు. మొన్న పై సభలో కూడా గట్టెక్కింది. ఇక రాష్ట్రపతి సంతకం పడాలి, అంతే. ఆ తర్వాత ఏ కంపెనీ కూడా మెకానిక్కును లిఫ్టు గుంతలోకి ఒంటరిగా దింపకూడదు. పైన స్విచ్ దగ్గర ఇంకో మనిషి ఉండి తీరాలి. మనవాడు పోయిన రోజు వాడికి లేనిది ఆ ఇంకో మనిషే.

కింది సభలో ఓటింగు రోజు నేను గ్యాలరీలో ఉన్నాను. చట్టం చేయడమంటే పెద్ద హోరు ఉంటుందనుకున్నాను. సగం కుర్చీలు ఖాళీ. ఒకాయన తన ఊరి వంతెన గురించి మాట్లాడి కూర్చున్నాడు. తర్వాత స్పీకరు ఒక్కో క్లాజూ చెప్పడం, కింద నుంచి "అవును" అనడం. మూజువాణి ఓటు అంటారట. సరిగా వినబడక ముందుకు వంగితే గార్డు భుజం తట్టాడు.

"పిట్టగోడ మీద వాలకండి పెద్దాయనా. మీరు పడ్డారంటే దానికి ఇంకో బిల్లు పెట్టాలి వీళ్లు."

నవ్వించాలనే అన్నాడు పాపం. నవ్వాను.

తొమ్మిదో క్లాజు వచ్చింది. నువ్వు కాచుకుని ఉన్నది దానికోసమే. పాత చావుల మీద విచారణ మళ్లీ తెరవాలన్న క్లాజు. దాన్ని తొలగించాలని సవరణ పెట్టారు, "అవును" అన్నారు. నేను కళ్లద్దాలు తుడుచుకునేలోపు అయిపోయింది. మనవాడి ఫైలులో "స్వీయ నిర్లక్ష్యం" అన్న మాట ఇక అలాగే ఉంటుంది.

ఎవరు తీయించారని అడుగుతావు. కంపెనీలవాళ్లే అని రాసి ఊరుకుందామనుకున్నాను. అది సగమే నిజం.

బిల్లు ఇంకా సభ్యుల కమిటీ దగ్గర ఉన్నప్పుడు నన్ను సాక్ష్యానికి పిలిచారు కదా. అయ్యాక కమిటీ అధ్యక్షురాలు నన్ను పక్క గదిలో కూర్చోబెట్టారు.

"ఈ క్లాజు ఉంటే అవతలివాళ్లు సాగదీస్తారు. ఈలోపు సభ రద్దయి ఎన్నికలొస్తే బిల్లు మొత్తం మురిగిపోతుంది, మళ్లీ మొదటికే. ఇది తీసేస్తే ఈ సమావేశాల్లోనే పాసవుతుంది. మీ అబ్బాయి పోయాక మొదలైన బిల్లు ఇది. మీరు వద్దంటే తీయను."

"మా కోడల్ని అడగాలమ్మా."

"అడగండి. నేను బయట ఉంటాను."

ఫోను తీశాను. నువ్వు వద్దంటావని తెలుసు. వద్దంటే నీ మాట దాటలేననీ తెలుసు. మనవాడి పనిముట్ల సంచి ఇప్పుడు మోస్తున్న మెకానిక్కు గుర్తొచ్చాడు. వాడూ ఒక్కడే దిగుతున్నాడు. ఫోను జేబులో పెట్టేసి, ఆవిడను పిలిచి, తీసేయమన్నాను.

ఇది నీకు ఫోనులో చెప్పబోతే నోరు రాలేదు.

పాప పెద్దదై నాన్న ఎలా పోయాడని అడిగితే ఆ ఫైలులోని కాగితమే చూపించాలా అని రాశావు. చూపించు. వాడికి పని నేర్పింది తాతయ్యేననీ, వాడు అజాగ్రత్త మనిషి కాదని తెలిసి కూడా ఆ మాట అలా ఉండనిచ్చింది తాతయ్యేననీ చెప్పు.

ఆదివారం వస్తానన్నాను. ఇది చదివాక కూడా రమ్మంటేనే వస్తాను.

ఇట్లు,
నిన్ను అడగకుండానే ఒప్పుకున్న
నీ మామయ్య