బాగుచేయనివ్వని గోడ

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో నివాసముంటున్న, మాజీ సైనికుడు కీర్తిశేషులు నోవహు గారి పెద్ద కూతురు, హిందీ టీచరుగా పనిచేసి రిటైరైన జ్ఞానమణి అను నేను, వయసు యాభై ఎనిమిది, అవివాహితను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, దేవుని ఎదుట ఈ వీలునామా రాసుకుంటున్నాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. వచ్చే నెల నా గుండెకు ఆపరేషన్ ఉంది. మనసు నిలకడగానే ఉంది. నిమ్మళంగా మాత్రం లేదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నేను పనిచేసిన బడిలోనే లెక్కలు చెప్పిన నా స్నేహితురాలు స్వర్ణలతకు అప్పగిస్తున్నాను. తమ్ముడికీ చెల్లెలికీ అప్పగించకపోవడం అపనమ్మకంతో కాదు. వాళ్ళు నా పరువు కాపాడాలని చూస్తారు. స్వర్ణలత చూడదు. నేను సంగతంతా చెప్పుకుని ఏడ్చిన రోజు ఆమె అన్న మాట ఇది: "దేవుడి దగ్గర ఒప్పుకున్నవ్, మంచిదే. ఆ ముసలామె దగ్గర ఎప్పుడు ఒప్పుకుంటవే జ్ఞానం?" ఆమెకు ఈ కాగితమే జవాబు.

2. నా స్వార్జితమైన మారేడ్‌పల్లి ఫ్లాటు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం చెల్లెలు హదస్సాకు సర్వహక్కులతో చెందవలెను. అమ్మ కుట్టుమిషను కూడా ఆమెకే. నా ప్రెషర్ కుక్కర్ పదకొండేళ్ళుగా ఆమె ఇంట్లోనే ఉంది. ఒక్క ఆదివారం బిర్యానీకని తీసుకెళ్ళింది. దాన్ని కూడా రాసిచ్చేస్తున్నాను. ఇకమీదట మా ఇంట్లో బిర్యానీ మాట వచ్చినప్పుడల్లా ఆమె వంటగదిలోకి తప్పుకోనక్కరలేదు.

3. నా ఉన్ని శాలువా, నల్ల గొడుగు సమాధుల తోటలో పనిచేసే దేవమ్మకు ఇవ్వాలి. ఏటా ఈస్టరుకు ముందు అమ్మానాన్నల సమాధులకు సున్నం వేసేది ఆమె. పోయిన ఏడు నన్ను అడిగింది: "టీచరమ్మా, నిరుడు ఏసిన సున్నం గింకా మెరుస్తనే ఉంది గదా, మల్ల ఎందుకు?" నాన్న సమాధి మీద వెంట్రుకంత గీత పడిందని చూపించాను. "మీకు కండ్లద్దాలెందుకమ్మా, గద్దకన్న ఎక్కువ కనవడ్తది," అని నవ్వింది. ఆ గీతలో సిమెంటు పూయించి, పైన రెండు పూతలు వేయించి గాని ఇంటికి రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. కింద మళ్ళీ అవసరం పడుతుంది.

4. నాన్న ఇనప ట్రంకుపెట్టె, ఆయన పతకాలు, యూనిఫాం బొత్తాలు తమ్ముడు జెరెమియాకు చెందవలెను.

5. ఈ క్లాజులో ఎవరికీ ఏ ఆస్తీ రాయడం లేదు. జరిగింది రాస్తున్నాను.

రాజస్థాన్ ఎడారిలో అణుపరీక్షలు జరిగిన ప్రాంతానికి జెరెమియా టూర్లు నడుపుతాడు. లోపలికి ఎవరినీ పోనివ్వరు. దూరం నుంచి కంచె చూపిస్తాం, ఇసుక తిన్నెలు చూపిస్తాం, చుట్టుపక్కల ఊళ్ళు చూపిస్తాం. డెబ్బై నాలుగులో మొదటి పరీక్షకు గుంట తవ్విన సైనికుల్లో నాన్న ఒకరు. అప్పుడాయన అమ్మకు బావి తవ్వుతున్నామని ఉత్తరం రాశారు. ఆయనకు కూడా అంతే చెప్పారట. ఆ నాన్న ఫోటో జెరెమియా బస్సు పక్కన నిలువెత్తున వేయించాడు. నన్ను అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. కానీ నీకు హిందీ వచ్చు, మైకులో మాట్లాడటం వచ్చు, గైడుగా రమ్మని అడిగినప్పుడు వద్దనలేదు. ఇష్టంగానే వెళ్ళాను. గుడిలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పేదాన్ని. జనం కళ్ళు తుడుచుకునేవారు. అది నాకు బాగుండేది.

ఆ ఊళ్ళలో కేసర్ ఢాణీ అని ఒక చిన్న పల్లె. అక్కడ ధాపూ బాయి ఇల్లు. తొంభై ఎనిమిది మే నెలలో పరీక్ష జరిగిన రోజు సైనికులు వచ్చి అందరినీ ఇళ్ళలోంచి బయటికి పంపారట. ఆమె మేకతో పాటు ఎండలో కూర్చుంది. కాళ్ళ కింద నేల ఊగింది. తిరిగి వెళ్ళేసరికి ముందు గోడ కిందనుంచి కిటికీ దాకా బీట వారి ఉంది. మా బస్సులో వచ్చినవాళ్ళు వంతులవారీగా ఆ బీటలో చెయ్యి పెట్టి ఫోటోలు దిగేవారు. ఆమె టీ ఇచ్చేది. నాకంటే పెద్దదైనా నన్ను 'బడీ బహన్', అంటే పెద్దక్క, అనే పిలిచేది, జెరెమియా నన్ను అక్కా అంటాడు గనుక.

మా టూర్లు మొదలైన రెండో ఏడు ఆమె కొడుకు గోడ విప్పి కొత్తగా కట్టడానికి రాళ్ళు, సిమెంటు తెచ్చిపెట్టుకున్నాడు. బస్సు రావడానికి పది రోజులుంది. జెరెమియా నాకు ఫోన్ చేశాడు. "అక్కా, ఆ గోడ నున్నగ అయితే మనోళ్ళకి ఏం చూపిస్త? ఇసుకనా? ఇసుక ఫ్రీగ యూట్యూబ్‌ల చూస్తరు. జెర నువ్వు చెప్పు, నీ మాటైతే వింటది." నేను ధాపూకు ఫోన్ చేసి, ఈ ఒక్క సీజన్ ఆగమన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. వానొస్తే భయంగా ఉందంది. తర్వాత అంది: "నువ్వు ప్రార్థన చేసుకునే మనిషివి బడీ బహన్. నువ్వు ఆగమంటే ఆగుతాను."

ఒక్క సీజన్ మూడయింది. తెచ్చిన సిమెంటు బస్తాలోనే రాయయింది.

పోయిన ఏడు జూలైలో, మూడు రోజులు వాన పట్టి, ఆ గోడ కూలింది. మేకను లోపలికి లాగుతున్న ధాపూ మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఇక నడవదు. వానాకాలంలో మా టూర్లు ఉండవు గనుక అక్టోబరులో బస్సు దిగేదాకా నాకు తెలియదు. ఆమె రాళ్ళకుప్ప పక్కన మంచం మీద ఉంది. వెనకాల నలభై మంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. జెరెమియా నా చేతికి మైకు ఇచ్చాడు.

నేను మాట్లాడాను. ఆనాడు అదిరిన గోడ ఇరవై ఆరేళ్ళకు ఒక మనిషిని బలి తీసుకోబోయిందని తెలుగులో చెప్పాను. అందరూ ఏడ్చారు. గోడ బీట వారింది ఆనాడే గాని, కూలేదాకా ఉంచింది నేను. ఆ ముక్క చెప్పలేదు. ధాపూకు తెలుగు రాదు. ఎప్పటిలాగే అందరికీ నవ్వుతూ చేతులు జోడించింది. తర్వాత నన్ను అడిగింది: "ఏం చెప్పావు బడీ బహన్, అందరూ ఇంతగా ఏడుస్తున్నారు?"

నీ కోసం ప్రార్థన చేశామని చెప్పాను.

బతికుండగానే వెళ్ళి ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. రెండుసార్లు టికెట్ తీసి రెండుసార్లూ రద్దు చేసుకున్నాను. రోజూ మోకరిస్తున్నాను. దేవుని ముందు కూర్చోవడం ఆమె ముందు కూర్చోవడం కన్నా సులువుగా ఉంది. నాకు సిగ్గేసేది అందుకే ఎక్కువ.

6. బ్యాంకులో నా పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ యావత్తూ ధాపూ బాయి ఇల్లు కట్టించడానికీ, ఆమె వైద్యానికీ చెందవలెను. ఇది దానం కాదు. దీనికి నా పేరు గాని, నాన్న పేరు గాని, సంఘం పేరు గాని పెట్టరాదు. ఫోటోలు తీయరాదు.

7. ఒక్క రాయి వేయకముందు హదస్సా స్వయంగా అక్కడికి వెళ్ళాలి. నేను హిందీలో రాసిన ఉత్తరం దీనికి జతపరిచాను. దాన్ని ధాపూకు చదివి వినిపించాలి. హదస్సా, నీ హిందీ అంతంతమాత్రం, అందుకే చిన్న మాటలతో రాశాను. ఆమె తిడితే విను. క్షమించమని బతిమాలొద్దు. క్షమించకపోయినా ఇల్లు కట్టాల్సిందే.

8. నాన్న ఎడారి నుంచి తెచ్చిన ఇసుక సీసా గురించి. టూర్లలో బస్సంతా చేతులు మార్చుకుని చూసేది అదే. జెరెమియా, నీకు ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు ఆ సీసా పగలగొట్టి మంచం కింద దాక్కున్నావు. నాన్న కొడతారని నేను ఇసుకంతా ఊడ్చేసి, అలాంటి సీసాయే తెచ్చి, అల్వాల్‌లో పిన్ని ఇల్లు కడుతుంటే అక్కడి కుప్పలోంచి గుప్పెడు పోశాను. నాన్నకు తెలుసేమో. ఎప్పుడూ మూత తీయలేదు. నిన్ను కాపాడటానికి ఆడిన అబద్ధం గనుక దానికి నేను అప్పుడు సిగ్గుపడలేదు. దాన్నే మైకులో చెప్పినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ ఇసుక గోడ కోసం వచ్చింది. తీసుకెళ్ళి ధాపూ గోడలో కలపండి.

9. జెరెమియా, టూర్లు ఆపమని రాయడం లేదు. ఎడారిలో ఏం జరిగిందో జనం చూడాలి. అక్కడివాళ్ళ మాట కూడా వినాలి. చూపించడం తప్పు కాదు. చూపించడం కోసం ఒకరి ఇంటిని పాడుగా ఉంచాం. 'ఇక్కడ చెయ్యి పెట్టవచ్చు' అని నువ్వు పాతిన బోర్డు నీ చేతులతోనే పీకెయ్. ఆమె పిలిస్తే తప్ప బస్సు ఆ గుమ్మం ముందు ఆగకూడదు. నేను నీకన్నా పెద్దదాన్ని. నువ్వు అడిగావు, చేసింది నేను. నీ వంతు నీవు చూసుకో. నా వంతు నీ మీద వేయడం లేదు.

10. ఆపరేషన్ తర్వాత నేను లేస్తే, ఆ ఉత్తరం నేనే తీసుకెళ్తాను. లేవకపోతే, నన్ను అమ్మానాన్నల పక్కన పెట్టండి. కానీ ధాపూ బాయి గోడ లేచి, ఆమె మంచం లోపలికి చేరిందని స్వర్ణలత రాసి ఇచ్చేదాకా నా సమాధి మీద సిమెంటు గాని సున్నం గాని పడకూడదు. మట్టి దిబ్బగానే ఉండాలి. వాన కోసుకుపోయినా సరే. దేవమ్మకు కూడా చెప్పండి, ఆమె ఊరుకోదు. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని వచ్చినవాళ్ళు టీచరమ్మ సమాధిని ఇట్లా వదిలేశారేమని అడుగుతారు. వాళ్ళకు నిజం చెప్పండి. మీకు సిగ్గేస్తుంది. ఓర్చుకోండి. ధాపూ మూడేళ్ళు ఓర్చుకుంది.

ఇది నేనే నా చేత్తో రాసి, రెండుసార్లు చదువుకుని, ఒక్క మాట కూడా కొట్టివేయకుండా సంతకం చేశాను.

తేదీ: 12 ఫిబ్రవరి 2025
సికింద్రాబాద్

(సంతకం) జ్ఞానమణి

ఆమె మా ఎదుట పైకి చదివి, మేము చూస్తుండగా సంతకం చేశారు. అయిదో క్లాజు దగ్గర మంచినీళ్ళు ఇస్తామన్నా వద్దని, మిగతాది చదివారు.

సాక్షులు:
1. ఆర్థర్, సంఘ పెద్ద, అల్వాల్
2. కల్పలత, పక్క ఫ్లాటు, మారేడ్‌పల్లి