డ్రమ్ము బెల్టు

ఆగస్టు 13, 2008, నాచారం

స్కూల్ బ్యాండు ప్రాక్టీసుకు ఇవాళ నేనూ నీళ్లు పట్టుకుని వెళ్లాను. పిల్లలకు డ్రమ్ములు కట్టేది తల్లులమే. మేరీ అక్క ఇప్పటికీ ఉప్పల్ నుంచి బస్సెక్కి వస్తోంది. ఆమె బిడ్డ స్టెల్లా పోయిన ఏడాది జ్వరంతో చనిపోయింది. స్టెల్లా వాయించిన డ్రమ్మే ఇప్పుడు మా శ్రావణి వాయిస్తోంది. మేరీ అక్కను రావద్దని ఎవరంటారు?

శ్రావణికి ఆమే బెల్టు కట్టింది, చూడకుండానే, స్టెల్లా కొలతకు. స్టెల్లా సన్నగా ఉండేది. మా పిల్ల ఊపిరి బిగబట్టి గ్రౌండంతా తిరిగింది. ఇంటికొచ్చాక చూస్తే భుజం మీద ఎర్రగా వాత తేలింది.

"గింత టైటుగుంటే సెప్పొద్దా బిడ్డా?"

"చెప్తే ఆంటీ ఏడుస్తదమ్మా."

కొబ్బరినూనె రాశాను. ఎల్లుండి జెండా పండుగ, చౌరస్తా దాకా ఇట్లాగే నడుస్తుందా? నేను కడతానని మేరీ అక్కతో ఎలా అనను?

నిద్ర పట్టనిది దానికి కాదు. సాయంత్రం బెల్టు విప్పుతూ మేరీ అక్క, "పరేడ్ నాడు గూడ నేనే కడ్త బిడ్డా" అంది.

"సరే మమ్మీ" అంది శ్రావణి.

మాటలొచ్చినప్పటి నుంచి అది నన్ను అమ్మా అనే పిలుస్తుంది. మేరీ అక్కను మమ్మీ అనేది స్టెల్లా ఒక్కతే.